క్లోరైడ్ ఏమీ చెయ్యలేదు

నా చిన్నప్పుడు నేను మహా మొండిదాన్ని. రెండో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మా నేనూ నంద్యాల పోయి ఆళ్లగడ్డకు తిరిగొచ్చాం. బస్సు దిగగానే నా చెప్పు తెగింది. ఎండకు కాళ్లు కాలుతున్నాయని గీపెట్టి, ఇంటిదాకా అమ్మచేత ఎత్తించుకున్నాను. అమ్మ అప్పుడు కడుపుతో ఉంది. రెండు రోజులకు ఆ కడుపు పోయింది.

ప్రార్థన చేయడానికి వచ్చిన చర్చి పెద్దమ్మ ఒకామె, "ఇంత పిల్లను ఎత్తుకొని నడిస్తే నిలుస్తాదా" అంది. ఆమె మామూలుగానే అంది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది. తమ్ముణ్ణి నేనే చంపాననుకున్నాను. అమ్మ పిలిచినా దగ్గరికి పోలేదు. ముట్టుకుంటే అమ్మకు కూడా ఏమైనా అవుతుందని భయం. అమ్మేమో నేను అలిగాననుకుంది.

పక్కింటి అక్క నంద్యాలలో డిగ్రీ చదివేది. కెమిస్ట్రీ అంటే పిచ్చి. పెరట్లో ముడుచుకుని కూర్చున్న నన్ను చూసి, "ఏంది పాపా, అమ్మ పిలుస్తాంటే పలకవు?" అంది. వెక్కుతూ అంతా చెప్పేశాను. అక్క ఓదార్చలేదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ తెచ్చి, నన్ను దూరంగా నిలబెట్టి, విరిగిన నాపరాయి ముక్క మీద నాలుగు చుక్కలు వేసింది. రాయి బుసబుస పొంగింది.

"యాసిడ్‌లో రెండుంటాయి. హైడ్రోజన్ రాయిని తింటాంది, అందుకే ఈ పొంగు. ఇంకోటి క్లోరైడ్. అది ఎట్ల వచ్చిందో అట్లే ఉంటాది" అంటూ బండ మీద సుద్దతో సమీకరణం రాసి, అటూ ఇటూ ఉన్న క్లోరైడ్‌ను అడ్డంగా కొట్టేసింది. అట్లాంటివాటిని ప్రేక్షక అయాన్లు అంటారట. "ఆ బిడ్డ ముందు నుంచే సరిగ్గా పెరగలేదని మీ అమ్మను చూసిన నర్సమ్మ చెప్పింది. నువ్వు ఆడ ఉండావు, అంతే. ఉండేది వేరే, చేసేది వేరే."

సమీకరణం నాకేం అర్థమవుతుంది? కొట్టేసిన గీత మాత్రం అర్థమైంది. లోపలికి పోయి అమ్మ పక్కన పడుకున్నాను. అమ్మ దుప్పటి నా మీదికి లాగింది.

అయినా నిజం చెప్పాలి. క్లోరైడ్ మారదు, నేను మారాను. ఆ తర్వాత ఎవరినీ ఎత్తుకోమని అడగలేదు. కడుపుతో ఉన్న పిల్ల చేతిలో బరువు కనిపిస్తే, ఈ వయసులోనూ తప్పు చేసినదానిలా గబగబా లాక్కుంటాను.

ఎవరింట్లోనైనా కష్టం వస్తే పెద్దవాళ్లను పలకరించడానికి చాలామంది ఉంటారు. నేను ఆ ఇంటి పిల్ల ఏ మూల నక్కిందో వెతుక్కుంటాను. పక్కన కూర్చుని, "ఇది నీ వల్ల జరగలేదమ్మా" అని చెబుతాను. నా వల్లేనా అని పిల్లలు అడగరు. నేనూ అడగలేదు.