సీతమ్మవారి పోగునూలు

డిగ్రీ పాసయ్యానండీ! ఓపెన్ యూనివర్సిటీ బీఏనే అనుకోండి, ఈ వయసులోనే అనుకోండి, మా ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ నాదే. రిజల్టు చూసిన దగ్గర్నుంచీ పక్కింటి అక్కే గుర్తొస్తోంది.

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, నూజివీడు దగ్గర మామిడితోటల మధ్య ఉండేవాళ్ళం. మాకూ అక్క వాళ్ళకీ నడుమ రేగుకంచె ఒక్కటే అడ్డం. ఒక వానాకాలం దాని మీదికి పసుపుపచ్చని తీగొకటి వచ్చింది. ఆకు లేదు, దారప్పోగుల్లా అల్లుకుపోవడమే. పొద్దున చూసిన కొస సాయంత్రానికి ఎక్కడికో పాకేది. మా నానమ్మ దాన్ని సీతమ్మవారి పోగునూలు అనేది.

"అమ్మవారి నూలే అది, చెయ్యెయ్యకండి" అని ఎవర్నీ తెంపనిచ్చేది కాదు.

కంచె అవతలే అక్క తన చేత్తో అంటు కట్టుకున్న చిన్నరసం మామిడిమొక్క ఉంది. తీగ అటే పాకుతోంది. అక్క నానమ్మతో వాదానికి దిగలేదు. నన్ను పిలిచింది.

"ఏమే బుల్లీ, దీని వేరెక్కడుందో చూపించు. తాండ్ర పెడతా."

చేతులు గీరుకుపోతున్నా మధ్యాహ్నమంతా వెతికాను. ఏ పోగు పట్టుకుని వెళ్ళినా రేగుకొమ్మలోకి దూరిందే కానీ నేలను తాకలేదు. నానమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"నానమ్మా, దీనికసలు వేరు లేదు! మరేం తిని బతుకుతోందే?"

నానమ్మ నమ్మలేదు. తనే వచ్చి, వంగి, పోగులు దూరి వాడిపోయిన రేగుకొమ్మల్ని చాలాసేపు చూసింది. "తీసెయ్యండమ్మా" అంది చివరికి.

అప్పటికే ఒక పోగు అంటుమొక్కను చుట్టేసింది. చిన్న ముక్క మిగిలినా మళ్ళీ అల్లుకుంటుందని, కంచెతో పాటు ఆ అంటుమొక్కనీ నరికి కాల్చేశారు. నిప్పు పెట్టింది అక్కే. పొగవైపు తిరిగి నిలబడి, "తాండ్ర తీసుకెళ్ళవే, గెలిచావుగా" అంది.

అలా అడగడం తెలిసిన అక్కని ఏడో తరగతితో బడి మాన్పించారు. ఆడపిల్లకి బస్సెక్కి హైస్కూలుకెళ్ళే చదువెందుకన్నారు. మా ఇంట్లోనూ ఎవరికీ అది తప్పనిపించలేదు. ఎవరేం చెప్పినా వెళ్ళి చూసి రావడం నాకు ఆవిడ నేర్పిందే, ఇన్నేళ్ళకి పుస్తకం పట్టించిందీ అదే. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు అక్క లేదు.

ఇంకా ఫోన్లు చెయ్యాలి. మైలవరంలో తమ్ముడికి. జి. కొండూరు మేనత్తకి, ఆవిడకి గట్టిగా అరిచి చెప్పాలి. పాఠాలు చెప్పిన మేష్టారికి. ముసునూరులో అక్క కూతురికి. వాళ్ళమ్మకి చదువంటే ఎంత ఇష్టమో ఆ పిల్లకి ఎవరైనా చెప్పారో లేదో.