గంధం గుండుకు తరంగాల పరీక్ష

పూతలపట్టు కూడలిలో ఢిల్లీబాబు టీ అంగడికి వచ్చినవాళ్లు నోరు తెరిచి ఏమీ అడగక్కర్లేదు. ఎవరికి చక్కెర ఎంతో, ఎవరికి డికాక్షన్ ఎంతో ఆయనకే తెలుసు. అడిగి పోసేవాడు టీ మాస్టరే కాదని ఆయన సిద్ధాంతం. మన ఊళ్లలో సిద్ధాంతాలకేం కొరత లేదు. మెదడు డాక్టరు కావాలంటేనే తిరుపతి దాకా పోవాలి.

అలాంటి ఢిల్లీబాబు, షుగరు జబ్బున్న గోవిందయ్యకు ఒకే వారంలో రెండుసార్లు పాకంలాంటి టీ పోశాడు. గోవిందయ్య రెండుసార్లూ చప్పరించి తాగేసి, ఆ తర్వాత తీరిగ్గా హేమశ్రీకి ఫిర్యాదు చేశాడు. హేమశ్రీ ఢిల్లీబాబు కూతురు.

ఆమె అడిగితే ఢిల్లీబాబు నవ్వేశాడు గానీ, లోపల గుబులు పట్టుకుంది. వాళ్లమ్మకూ ఇలాగే మొదలైంది. ముందు కూరలో ఉప్పు మరిచింది, తర్వాత పొయ్యి ఆర్పడం మరిచింది, చివరికి కొడుకునే మరిచింది. అమ్మ నుంచి అది తనకు వచ్చి ఉంటే, తన నుంచి హేమశ్రీకి? ఆ మాట ఆయన పైకి అనలేదు.

హేమశ్రీ వెంటబెట్టుకుని పోయిన తిరుపతి ఆసుపత్రిలో, వంశంలో దిగివచ్చే మతిమరుపు గుణం ఉందేమో చూడడానికి రక్తం తీసుకున్నారు. మరోరోజు తలకు వైర్లు పెట్టి మెదడు తరంగాలు చూస్తామన్నారు. మతిమరుపు బయటపడకముందే కొందరిలో ఆ తరంగాలు నెమ్మదిస్తాయట.

"నూనె రాయకుండా, తలకి పోసుకోని రావాల పెద్దాయనా" అంది వైర్లు పెట్టే లోహిత.

పరీక్ష రోజు ఢిల్లీబాబు ముందు కొండ మొక్కు తీర్చుకున్నాడు. అలిపిరి నుంచి నడిచి ఎక్కాడు, గుండు చేయించుకున్నాడు, తలస్నానం చేశాడు, చల్లగా ఉంటుందని గుండంతా గంధం మెత్తించుకున్నాడు. తిన్నగా ఆసుపత్రికి దిగాడు.

లోహిత గుండుకు అంటించిన వైరు బిళ్ల గంధం పెచ్చుతో సహా ఊడి వచ్చింది.

"ఏంది పెద్దాయనా, నేను చెప్పింది మరిచిపోయినావా?"

పక్కనున్న హేమశ్రీ ముఖం వాడిపోయింది. ఢిల్లీబాబు లేచి కూర్చున్నాడు.

"నూనె వద్దంటివి, రాయలేదు. తలకి పోసుకోమంటివి, పోసుకున్నా. గంధం సంగతి చెప్పేది నువ్వే మరిచిపోయినావు. ముందు ఆ వైర్లు నువ్వు పెట్టుకోమ్మా."

"గుండు సూసి పని సులువైందనుకున్నా" అని నవ్వింది లోహిత. "గోడకి సున్నం కొట్టుకోని వస్తావని నాకేం తెలుసు."

హేమశ్రీ తడిగుడ్డ తీసుకుని గిన్నె తోమినట్టు తోమింది.

"మెల్లగా పాపా. లోపల సరుకుండాది."

రక్తం ఫలితం కూడా చూసి డాక్టరు ఆ సాయంత్రమే చెప్పాడు. తరంగాలు వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఆ గుణం మాత్రం ఉంది. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, వచ్చే అవకాశం కొంత ఎక్కువ. ఏటా వచ్చి చూపించుకోవాలి.

ఊరికి తిరిగొచ్చే చిత్తూరు బస్సులో ఢిల్లీబాబు కిటికీ వైపు నుంచి కూతురి వైపు తిరిగాడు.

"నీకూ వచ్చుంటాదా పాపా?"

"సగం సగమంట. డాక్టర్ని నేను ముందే అడిగినాలే."

"అడిగినావా? నాకు సెప్పలా?"

"నీ భయం నువ్వు నాకు సెప్పినావా?"

హేమశ్రీ ఆయన గుండుమీద మిగిలిన గంధపు మరకను గోటితో గీకింది.

"వచ్చేది వస్తే సూసుకుందాం. ఈ గుండు మాత్రం నాకియ్యొద్దు నాయనా."

మర్నాడు గోవిందయ్య అంగడికి వచ్చాడు. ఢిల్లీబాబు గ్లాసు పట్టుకుని, జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగాడు.

"సక్కెర ఎయ్యాల్నా, వద్దా?"

గోవిందయ్య హేమశ్రీ వైపు చూశాడు. ఆమె అక్కడే నిలబడి ఉంది.

"వద్దులేబ్బా" అన్నాడు దిగులుగా.