హద్దు దాటిన వెదురు

మొన్న మా అపార్టుమెంటులో ప్రహరీ వెంబడి వెదురు నాటించారు, అదీ సిమెంటు తొట్లలో, నేలలో పెడితే వేళ్ళు పాకి టైల్సు లేపేస్తాయట. వాకింగు నుంచి వస్తూ అక్కడ ఆగిపోయాను. ఈ వయసులో మన కాళ్ళు ఆగడానికి సాకులు వెతుక్కుంటాయి గానీ, ఆ పూట నన్ను ఆపింది మాత్రం ఒకప్పుడు మా ఊరు హూడిలో మా చేని గట్టున ఉండిన వెదురుపొద.

నాన్న, పెదనాన్న వేరుపడినప్పుడు ఆ పొదనే హద్దుగా పెట్టుకున్నారు. ఇటు నిలిచిన బొంగులు మావి, అటు నిలిచినవి వాళ్ళవి. రాయి పాతితే ఎవరైనా జరుపుతారు, పొదనెవరు జరపగలరనుకున్నారు కాబోలు, పాపం. వెదురు తనంతట తానే జరుగుతుందని ఆ గట్టున పుట్టి పెరిగిన ఇద్దరికీ తట్టకపోవడం నాకిప్పటికీ వింతే. పాత బొంగులు ఉన్నచోటే ఉంటాయి, వానాకాలంలో వాటి వేరు నుంచి కొత్త కొమ్ములు, కన్నడ మాటలో మేము కళలె అనేవాళ్ళం, వెలుతురున్న అంచున నేల చీల్చుకుని లేస్తాయి. పుట్టినప్పుడు ఎంత లావో అంతే, తర్వాత పొడుగు సాగడమే.

ఆ ఏడు కళలె అంతా పెదనాన్న వైపే లేచింది. మా బొంగుల వేరున పుట్టింది గనుక మాదని నాన్న, తన నేలలో లేచింది గనుక తనదని పెదనాన్న. ఆయన దాని చుట్టూ ముళ్ళకంప వేయించాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అమ్మ వడ్డిస్తుంటే గరిటె చప్పుడుకు కూడా నాకు భయమేసేది. ఒక పొద్దున, తనకు దక్కనిది అన్నకూ దక్కనీయనని నాన్న మచ్చుకత్తి తీసుకుని బయల్దేరితే, అటునుంచి పెదనాన్న గొడ్డలితో వచ్చాడు. వాళ్ళిద్దరినీ కన్న మా అవ్వ వెనకాలే నేనూ పావడా ఎత్తిపట్టుకుని బురదలో పరిగెత్తాను. నాన్న కంపను కాలితో తోసేశాడు. పెదనాన్న గొడ్డలి ఎత్తి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఇద్దరిలో ఒకరు ఆ పూట ఇంటికి రారనే అనుకున్నాను.

అవ్వ వాళ్ళిద్దరి మధ్యకు పోయింది. వంగి, రెండు చేతులతో ఒక కొమ్ము మొదట్లో మట్టి తోడింది. మా వైపు నుంచి లావుపాటి వేరు హద్దు దాటి వచ్చి ఆ కొమ్మును పట్టుకుని ఉంది.

"తల్లి నీ పక్క ఉండాది, బిడ్డ వాని పక్క ఉండాది. యాడ నరుకుతావో నరుకప్పా," అంది నాన్నతో. పెదనాన్న వైపు తిరిగి, "నువ్వూ చూడప్పా. ఆ పక్క వేరు పోతే నీ కళలె గూడా ఎండిపోతాది," అంది.

నాన్న కత్తి దించడానికి చాలాసేపు పట్టింది. పెదనాన్నే ముందు కూర్చుని ఆ మట్టి తిరిగి కప్పాడు. వాళ్ళు కలిసిపోయారని చెప్పను గానీ, తర్వాత ఏటా బొంగులు ఇద్దరూ కలిసే కొట్టేవారు, కొడుతూ తిట్టుకునేవారు, తిట్టుకుంటూనే ఒకే చెంబులో నీళ్ళు తాగేవారు.

ఇప్పుడు ఆ చేను లేదు, దాని మీదే ఈ అపార్టుమెంట్లు లేచాయి. పెదనాన్న కొడుకు, మా అన్న, ఎదురు బ్లాకులోనే ఉంటాడు. మాకు ఏ తగాదా లేదు. పండగలకు ఫోనులో పూలబొమ్మలు పంపుకుంటాం. ఆయన గడప తొక్కి ఎన్నాళ్ళయిందో ఆ తొట్ల దగ్గర నిలబడి గుర్తు తెచ్చుకోబోయాను, రాలేదు. వెదురు మాత్రం పచ్చగానే ఉంది. ఏ వేరూ పక్క తొట్టిలోకి పోదు.