సైరన్‌కు కూర్చునేదాన్ని

నవల రాయాలంటే ప్రశాంతత కావాలని సభల్లో పెద్దమనుషులు చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. నా మొదటి నవల రాసింది ఆదిలాబాద్ జిల్లా బొగ్గుబాయి కాలనీలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో. ఒక క్వార్టర్‌లో పెళ్లాన్ని కొడితే పక్క క్వార్టర్‌లో గిన్నెలు కదిలేవి. మా ఇంట్లోనూ అంతే. హుస్నాబాద్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాళ్లం. మా ఆయన బాయిలో బొగ్గు కొట్టేవాడు. కోపం వస్తే ఇంట్లో నన్ను కొట్టేవాడు.

తెల్లవారి సైరన్ మోగగానే ఆయన డ్యూటీకి పోయేవాడు. ఆ కూతకే నేనూ కాగితాలు తీసుకుని పీట మీద కూర్చునేదాన్ని. మనసున్నా లేకున్నా, వీపు మీద దెబ్బలు సలుపుతున్నా, మళ్లీ సైరన్ మోగేదాకా లేచేదాన్ని కాదు. ఇరుగుపొరుగు తలుపు కొట్టినా తీయలేదు. నాకు పొగరని వాడంతా పేరు. నిజమే, ఉండేది.

ఒకరోజు షిఫ్టు మొదలైన కాసేపటికే ఆయన తిరిగొచ్చాడు. పని చేయించే సర్దార్‌తో కొట్లాడితే బాయిలోంచి పంపించేశారట. నేను రాస్తున్నాను, పొయ్యి మీద అన్నం మాడుతోంది. ఆయన వస్తూనే నా జుట్టు పట్టి తల గోడకు కొట్టి, కాగితాలన్నీ పొయ్యిలో వేశాడు. నవల అప్పటికి సగం దాటింది. బొగ్గులు కదిపే ఇనుప సలాక నా చేతికందింది. బలమంతా పెట్టి కొట్టాను. ఆయన మణికట్టు ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. నాకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది.

కంపెనీ దవాఖానలో "నల్లకాడ జారిపడ్డ" అని చెప్పుకున్నాడు. పెళ్లాం కొట్టిందని ఏ మగవాడు చెప్తాడు?

గెలిచాననుకున్నాను. కానీ చెయ్యి విరిగినవాడు బాయికి పోడు కదా. పొద్దస్తమానం ఇంట్లోనే. సలాక పక్కన పెట్టుకుని ఆయన కళ్ల ముందే కూర్చుని, కాలిపోయిన నవల మొదటి నుంచీ రాయడం మొదలుపెట్టాను. ఆయన మంచం మీద నుంచి గుడ్లురిమి చూసేవాడు. నేనూ అలాగే చూసేదాన్ని. ఆ ఇంట్లో పగ తప్ప ఇంకేం మిగల్లేదు.

రాను రాను రాసే నా చెయ్యి ఆగిపోయింది. కాలిన పేజీల్లో ఏముందో ఎంత తవ్వినా గుర్తుకు రావడం లేదు. ఒక పొద్దున సైరన్ మోగినా కాగితాలు ముట్టలేదు. కత్తిపీట ముందేసుకుని వంకాయలు కోస్తున్నాను.

"సైరన్ కూసింది" అన్నాడు ఆయన.

"ఇన్న."

"మరి కూసోవా?"

"ఇగ రాయ. కాలింది కాలిపోయింది."

ఆయన మంచం దిగి వచ్చి, కట్టు కట్టిన చెయ్యి నా మొహం ముందు పెట్టాడు.

"గట్లయితే దీన్ని ఉత్తగనే ఇరగ్గొట్టినవా? కూసో."

ఆ రెండో చెయ్యి కూడా విరగ్గొట్టాలన్నంత కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. కత్తిపీట పక్కకు నెట్టి, కాగితాలు తీసుకుని కూర్చున్నాను.