ఉల్టా రెక్కలు

2023లో, వానలు ఇంకా పట్టుకోని రోజుల్లో, మల్కాపురంలోని మా షెడ్డు ముందు ఆటో ఆగింది. అందులోంచి దిగిన రమణమ్మ చేతిలో ఒక గుడ్డ మూట ఉంది. విప్పి చూపించింది. తుప్పు పట్టిన ఇనప బిళ్ల, మధ్యలో బెజ్జం, చుట్టూ ఎవరో కొరికి వదిలేసినట్టు మొండి రెక్కలు. ఎక్కడిదని అడగక్కర్లేదు. మా చుట్టుపక్కల అలాంటి ముక్కలు పుట్టే ఇల్లు వాళ్లదొక్కటే.

ముందు నా పనేమిటో చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. నేను ప్యాటర్న్ మేకర్‌ని. పోత పోయవలసిన ఏ వస్తువుకైనా ముందు టేకు చెక్కతో నమూనా చెక్కుతాను. దాన్నే ప్యాటర్న్ అంటాం. దాన్ని ఇసుకలో అదిమి పైకి తీస్తే అచ్చు మిగులుతుంది, ఆ అచ్చులో కరిగిన లోహం పోస్తే ముక్క తయారవుతుంది. ఓడల్లో వాడే పంపులకీ వాల్వులకీ ప్యాటర్న్‌లు చెక్కుతూనే నాకు జుట్టు నెరిసింది. పాత కార్ల పని మాత్రం నేను కోరి తెచ్చుకున్నది కాదు. రమణమ్మ మొగుడు అప్పలరాజు నా నెత్తిన రుద్దాడు.

అప్పలరాజు మెకానిక్. మాటకారి. ఇంజను మీద చెయ్యి పెట్టి దాని జబ్బు చెప్పగలడు, ఆ సంగతి వీధంతా వినేలా చెప్పుకోనూ గలడు. ఎక్కడో ఒక పాత బంగళా పెరట్లో కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న కారు ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. మా నాన్నల కాలంలో ఇంగ్లండు నుంచి దిగిన బండి. దాన్ని లాక్కొచ్చి ఇంటిని ఆనుకుని ఉన్న షెడ్డులో పెట్టి, తీరిక దొరికినప్పుడల్లా బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. అలాంటి బండికి సామాను కొట్లో దొరకదు. చెన్నైలో పాత సామాన్ల వాళ్లను అడిగించాడు, కోల్‌కతాలో వెతికించాడు. విదేశాల నుంచి ఇంటర్నెట్‌లో తెప్పించిన పంపు తీరా చూస్తే తరవాత మోడల్‌ది, బోల్టు రంధ్రాలే కలవలేదు. దొరకనివన్నీ నా దగ్గరికొచ్చేవి. "బావా, ఇది దొరకదంట, సేసీయ్" అనేవాడు, టీ పెట్టమన్నంత తేలిగ్గా.

పాత ముక్కనే ఇసుకలో అదిమి పోత పోసెయ్యొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. అలా పోస్తే వచ్చేది అసలు దానికంటే చిన్న ముక్క, పైగా పాతదాని అరుగుదల కూడా దానికి అంటుకుని వస్తుంది. అందుకని మేం మామూలు స్కేలు వాడం. ఆ తగ్గే కొలతను ముందే కలిపి గీతలు గీసిన ష్రింకేజ్ స్కేలు ఉంటుంది, దానితో కొలిచి కాస్త పెద్దదిగా చెక్కుతాం. అరిగిపోయిన చోట అసలు ఎంత ఉండేదో బుర్ర పెట్టి ఊహించాలి. మా పనిలో కష్టమంతా అక్కడే.

రమణమ్మ తెచ్చింది ఆ కారు వాటర్ పంపులోని ఇంపెల్లర్. ఇంజను చుట్టూ నీళ్లు తిప్పి చల్లబరిచే చక్రం అది. బంగళావాళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్‌లో ఉప్పుబోరు నీళ్లు పోసినట్టున్నారు, ఆ ఉప్పు రెక్కల్ని ఎటు వాలి ఉండేవో కూడా తెలియనంతగా తినేసింది.

ఆ ఏడాది మొదట్లో అప్పలరాజుకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. అంత మాటకారికి ఒక్క మాట మిగిలింది, అది "ఉల్టా". ఇడ్లీ పెడితే ఉల్టా, స్నానం చేయిస్తే ఉల్టా, చూడ్డానికి వెళ్లిన నన్ను పట్టుకుని కూడా ఉల్టా. ఈ జబ్బులో కొందరికి అలా ఒక్క మాట నోటికి అతుక్కుపోతుందని డాక్టరు చెప్పాడట. చెప్పొద్దూ, ఆ రోజు బయటికొచ్చి నేను ఏడ్చాను. మళ్లీ వెళ్లడానికి కాళ్లు రాలేదు.

"అన్నయ్యా, కోలుకోడానికి ఈ నెలలే ముక్కెం అన్నారు డాక్టరు గారు," అంది రమణమ్మ. "ఎక్సర్‌సైజులు సేయించడానికి ఒచ్చినాయన్ని ఎడం సేత్తో తోసీసినాడు. కూడు సరిగ్గా తినడు. గోడకేసి తిరిగి తొంగుంతాడు. షెడ్డు తలుపు తీత్తే మాత్తరం ఇటు తిరిగి ఆ కారునే సూత్తాడు. అది కదిల్తే ఈయనా కదుల్తాడని నా ఆశ."

నేనేం వైద్యుణ్ణి కాదు. అయినా ఆ మాటకి కాదనలేకపోయాను. అప్పలరాజుతో కలిసి పనిచేసిన సూరిబాబు అనే మెకానిక్ బండి పని చూస్తానన్నాడు. ఇద్దరం వాళ్లింటికి వెళ్లి బానెట్ ఎత్తాం. నేను కారు ముందు నిలబడి ఫ్యాను ఎటు తిరుగుతుందో సూరిబాబుని చూపించమన్నాను. గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది. ఫ్యానూ ఇంపెల్లరూ ఒకే ఇరుసు మీద ఉంటాయి కాబట్టి నాకు కావలసింది దొరికినట్టే. రెక్కలు తిరిగే దిశకి వెనక్కి వాలి ఉండాలి, అప్పుడే నీళ్లను బాగా విసురుతాయి. మా షెడ్డుకొచ్చి మొండి రెక్కల్ని ఆధారం చేసుకుని ప్యాటర్న్ చెక్కాను. ఈసారి ఉప్పు తినకుండా గన్‌మెటల్‌లో పోయించాను. రాగి, తగరం కలిసిన లోహం అది, ఓడ పంపులకి వాడతాం. లేతు మిషను మీద తీర్చాక బంగారు పువ్వులా మెరిసింది.

ఇంజనులో పెట్టే ముందు అప్పలరాజుకి చూపించాలనిపించింది. మంచం మీదే ఉన్నాడు. ఎడం చేతిలో పెట్టాను. రెక్కల మీద బొటనవేలు పోనిచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఉల్టా" అన్నాడు. నా చేతిలోకి తోసేశాడు.

రమణమ్మ మొహం చిన్నబోయింది. "ఏటీ అనుకోకు అన్నయ్యా. అన్నిటికీ అదే మాట కదా," అంది. నేను అతని భుజం తట్టి ఇంజను దగ్గరికి వెళ్లిపోయాను.

బండి స్టార్టయింది. గాజువాక దాకా తీసుకెళ్లి తెచ్చాడు సూరిబాబు, దివ్యంగా నడిచింది. మర్నాడు యారాడ కొండెక్కించాడు. సగం ఘాట్ ఎక్కేసరికి రేడియేటర్ మూతలోంచి ఆవిరి చిమ్మింది. రేడియేటర్ కడిగించాడు, గొట్టాలు మార్చాడు, మళ్లీ ఎక్కించాడు. మళ్లీ అదే చోట కుతకుతా ఉడికింది. చివరికి, పంపే నీళ్లు తొయ్యట్లేదేమో అని నసిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓడ పంపులు చేసినవాణ్ణి పట్టుకుని బొమ్మంత కారు పంపు గురించి మాట్లాడతావా అని నాలుగు దులిపాను. పాపం, సూరిబాబు బండిని నెమ్మదిగా దింపి షెడ్డులో పెట్టేశాడు.

ఆ తరవాత అప్పలరాజు షెడ్డు తలుపు తీసినా ఇటు తిరగడం మానేశాడని రమణమ్మ కబురు పెట్టింది. ఆ కబురు విన్నాక ఇక కోపం ఎక్కడ నిలుస్తుంది? మర్నాడు పొద్దున్నే వెళ్లి పంపు విప్పాను. రమణమ్మ అతన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బలవంతాన షెడ్డులోకి తోసుకొచ్చింది. ఇంపెల్లర్ బయటికి తీసి గుడ్డతో తుడుస్తుంటే ఎడం చేత్తో నా చొక్కా పట్టుకుని గుంజాడు. అదే మాట.

విసుగొచ్చింది నాకు. ఆ విసుగులోనే అడిగాను. "ఏది బావా ఉల్టా?"

ఇంపెల్లర్ లాక్కుని రెక్కలు నాకు కనిపించేలా నా మొహం ముందు పెట్టాడు. తరవాత దాన్ని ఒళ్లో పెట్టుకుని గాలిలో వేలు తిప్పాడు. కారు ముందున్న ఫ్యానుని చూపించి గడియారం ముల్లులా తిప్పాడు. ఇంజను వైపు చూపించి, అక్కణ్ణుంచి మా వైపు చూస్తున్నట్టు తల వంచి, అదే వేలుని రెండో వైపుకి తిప్పాడు.

నేను దిశ చూసింది కారు ముందు నిలబడి. రెక్కలు ఉండేది ఇరుసుకి అవతలి కొసన, వాటి మొహం ఇంజను లోపలికి. నేను బల్ల మీద రెక్కల్ని నా వైపు పెట్టుకుని చెక్కాను. చక్రం ఒక్కటే, చూసే వైపు మారితే తిరిగే దిశ తిరగబడుతుంది. ఓడ పంపులకైతే డ్రాయింగ్ ఇస్తారు, అందులో రెక్కల వైపు నుంచే బాణం గీసి ఉంటుంది, కాబట్టి ఆ ఆలోచన నాకెప్పుడూ అవసరపడలేదు. చదునైన రోడ్డు మీద ఉల్టా రెక్కలు కూడా ఏదో కాస్త నీళ్లు తోస్తాయి. కొండెక్కితే ఆ కాస్త ఎక్కడ చాలుతుంది?

"నిజమే బావా. ఉల్టాయే," అన్నాను. కళ్లు మూసుకుని తలూపాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారాయి. నేను చూడనట్టు నటించలేదు, నావీ కారాయి.

ప్యాటర్న్ మళ్లీ చెక్కాను. కొత్త ముక్కని ముందు అప్పలరాజు చేతిలో పెట్టాను. బొటనవేలు పోనిచ్చి చూసి ఏమీ అనలేదు. నా వైపే తిరిగి ఇచ్చాడు. అంతకన్నా పెద్ద మెప్పు ఏ ఓడవాడూ నాకివ్వలేదు. సూరిబాబుకి మాత్రం టీ ఇప్పించి, తప్పు నాదేనని చెప్పుకోవలసొచ్చింది.

ఆదివారం నలుగురం యారాడ కొండెక్కాం. అప్పలరాజుని ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆవిరొచ్చిన మలుపు దగ్గర అతను వేడి చూపించే మీటరు ముల్లు మీంచి కన్ను తియ్యలేదు. బండి ఆ మలుపు దాటింది, తరవాతదీ దాటింది. పైన ఆపి బానెట్ మీద చెయ్యి పెడితే మామూలు వేడే ఉంది.

ఆకలేసింది. రమణమ్మ క్యారేజీ విప్పి అన్నం కలిపి, గిన్నెని అతనికి కుడి పక్కన సీటు మీద పెట్టింది. ముద్ద తీసి నోటి దగ్గర పెట్టబోయింది.

"ఉల్టా," అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. నా వైపు చూసింది. తరవాత అతన్నే అడిగింది, "ఏది?"

అప్పలరాజు ఎడం చెయ్యి చాచి గిన్నె అంచు పట్టుకుని, ఒడి మీంచి మెల్లగా లాగి ఎడం పక్కకి తెచ్చుకున్నాడు. అన్నంలో చెయ్యి పెట్టాడు.

"అయ్యో, ఎడం సేత్తోనా," అంటూ అలవాటు కొద్దీ మణికట్టు పట్టుకుంది రమణమ్మ. వెంటనే వదిలేసింది. సగం మెతుకులు చొక్కా మీద పడ్డాయి, సగం నోట్లోకి వెళ్లాయి. అతను మరో ముద్ద చేసుకున్నాడు. ఆమె కారు తలుపు పట్టుకుని నిలబడే ఏడ్చింది.

"కుడి సేతి పక్కనే కదా అన్నం పెడతాం," అంది. "రోజూ అలాగే పెట్టినాను అన్నయ్యా. నానే తింతానని ఈయన ఇన్నాళ్లూ సెప్తన్నాడు. నాను వినకండా నోట్లో కుక్కీసినాను."

మర్నాడు ఎక్సర్‌సైజులాయన వస్తే అప్పలరాజు తొయ్యలేదట. ఇప్పుడు చేతికర్ర పట్టుకుని మా షెడ్డు దాకా వస్తాడు. మాటలు ఇంకో గుప్పెడు తిరిగొచ్చాయి, అందులో ఒకటి "బావా". అన్నీ రావని డాక్టరు ముందే చెప్పాడు. ఫరవాలేదు, ఉన్నవాటితోనే నన్ను బాగా తిడుతున్నాడు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది రెక్కల దిశ ఒక్కటే అనుకుంటే సూరిబాబు నవ్వుతాడు. నా కోపం నాకుంది, ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఎవరైనా వచ్చి ముక్క బాగోలేదంటే, నాలుగు దులిపే ముందు ఇప్పుడు "ఏది?" అని అడుగుతున్నాను.