గొర్రు కనిపెట్టిన దొర

మొన్న కడపలో మా బడి పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒక పిల్ల జవాబు దగ్గర పెన్ను ఆగిపోయింది. ‘విత్తనాలు వేసే యంత్రాన్ని ఎవరు కనిపెట్టారు?’ అన్న ప్రశ్నకు పాఠంలో ఒక ఇంగ్లండు దొర పేరుంది. ఆ పిల్ల మాత్రం ‘మా ఊర్లో గొర్రు ముందు నుంచే ఉండాది’ అని రాసింది. పాసవడానికి దానికి సరిగ్గా ఒక్క మార్కు తక్కువ. ముప్ఫై ఏళ్లుగా చరిత్ర చెబుతున్నదాన్ని, ఇట్లాంటి జవాబులకు సున్నా చుట్టడం నాకు కొత్త కాదు. అయినా లేచి వరండాలో తిరిగాను, వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను.

పత్తికొండ దగ్గర మా పెద్దమ్మ విత్తనం పోయడంలో పేరుమోసిన మనిషి. గొర్రు మీద జడ్డిగమని చెక్క గిన్నె ఉంటుంది, దాని కింద వెదురు గొట్టాలు. ఎద్దుల వెనక నడుస్తూ పిడికిలి సందులోంచి గింజలు ఆ గిన్నెలోకి జారవిడిస్తే అన్ని సాళ్లలోనూ సమంగా పడాలి. మమ్మల్ని గడప తొక్కనివ్వని పెద్ద రైతులు కూడా తొలకరి పడగానే ఆమెకు కబురంపేవారు. దొరలంటే ఆమెకు భక్తే. ఆమె పేరు సైతం క్రైస్తవ మిషన్ దొరసాని పెట్టిందే. దాన్ని సరిగ్గా పలకడం మా ఊళ్లో ఎవరికీ రాలేదు, ఆమెతో సహా.

పదో తరగతిలో అదే ప్రశ్నకు దొర పేరు రాసి మార్కు తెచ్చుకున్నాను. మురిసిపోతూ ఆమెకు చదివి వినిపించాను. పెద్దమ్మ వేరుశనగ కాయలు ఒలవడం ఆపి, “ఆయప్ప కనిపెట్టేదాకా మనోళ్లు ఏం తిని బతికినారే?” అంది.

“నీకేం తెలుసు పెద్దమ్మా, పుస్తకంలో ఉండాది!” అని కసిరాను.

“అట్లనా” అని మళ్లీ కాయలు అందుకుంది. ఆ తర్వాత నాకు బువ్వ పెట్టింది, జడ వేసింది గానీ, నా చదువు సంగతి మళ్లీ ఎప్పుడూ అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మొన్నటి పిల్లకు మార్కు వేశాను. హెడ్మాస్టరు గారు పేపరు పట్టుకొచ్చారు.

“ఏం మేడమ్, పాఠంలో దొర పేరుండాది కదా?”

“నేనే తప్పు చెప్పినాను సార్, ఇన్నేండ్లూ. ఆ మార్కు ఉండనీండి.”

ఆయన గొణుక్కుంటూనే సంతకం పెట్టారు. పిల్ల పాసయింది. నాకే కుదురు లేదు. వాళ్లు చేస్తే కనిపెట్టడం, మనం చేస్తే అలవాటు అని ఎంతమంది పిల్లలకు నూరిపోశానో! ఒక్క మార్కు సరిచేయడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది, అంతకాలం పెద్దమ్మ ఉండలేకపోయింది.