లోపలి లీకు కనిపెట్టే హుసేన్ పీరా

గత బుధవారం ఉదయం పదకొండు గంటల వేళ, కళ్యాణదుర్గం బస్టాండు ఎదుట బోరు మోటార్లు బాగుచేసే నాగరాజు ఫోను చేసి, "సార్, పీరన్న పోయినాడు" అన్నాడు. నేను "యాడికి?" అన్నాను. నాగరాజు, నా తెలుగు మీద జాలిపడినవాడిలా, "పోయినాడు సార్" అని అదే మాట మెల్లగా మళ్లీ చెప్పాడు. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా క్రియాపదాలకు అర్థాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. ఆ ఒక్క క్రియ ఆ రోజు నాకు అర్థం కాలేదు.

మా ఊరి రాయదుర్గం రోడ్డులోని రేకుల షెడ్డులో నలభై ఏళ్లు కార్లు బాగుచేసిన హుసేన్ పీరా ఇక లేడు. నాకంటే రెండేళ్లు చిన్నవాడు. ఊరంతా పీరన్న అంటే నేనూ పీరన్న అన్నాను. నన్ను ఆయన సార్ అంటూనే నువ్వు అన్నాడు. అలా మా మధ్య గౌరవాల లెక్క సరిపోయింది. ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. సభల్లో శాలువా కప్పించుకున్న మనిషి కాడు. కప్పి ఉంటే దానితో కార్బొరేటరు తుడిచి ఉండేవాడు.

ఆయన విద్య ఎటువంటిదో తెలియాలంటే పాత పెట్రోలు కార్లలో ఉండే డిస్ట్రిబ్యూటరు అనే అవయవం గురించి నాలుగు మాటలు చెప్పాలి. రెండు చేతుల్లో ఇమిడే బుడ్డిలాంటి వస్తువు అది. పైన నల్లటి టోపీ, టోపీ నుంచి ఇంజనుకు నాలుగు తీగలు. లోపల ఒక ఇరుసు గిర్రున తిరుగుతూ, పెట్రోలును మండించే నిప్పురవ్వను ఇంజనులోని నాలుగు గదులకూ వంతులవారీగా పంచుతుంది. ఆ ఇరుసు అడుగుభాగం ఇంజను ఆయిల్లో తడుస్తూ ఉంటుంది. పైభాగం పరిశుష్కంగా ఉండాలి. ఆ రెండు లోకాల సరిహద్దున కాపలా ఉండేది ఉంగరమంత రబ్బరు సీలు. అది అరిగిందంటే చమురు ఇరుసు వెంబడి పైకి పాకి టోపీలో చేరుతుంది. నిప్పు పుట్టవలసిన చోట జిడ్డు పుడుతుంది. బండి దగ్గి, ఎగిరి, చివరికి నడిరోడ్డు మీద నిలబడిపోతుంది.

మా సీమ దౌర్భాగ్యం చూడండి. నీళ్లు పారవలసిన డిస్ట్రిబ్యూటరీ కాలువలో దుమ్ము, దుమ్ము కూడా చొరకూడని డిస్ట్రిబ్యూటరులో చమురు. ఈ శ్లేష నాదే. సంబరంగా పీరన్నకు చెబితే, "కాలువది నా చేతిలో లేదు సార్. రెండోది సూస్తా, ఈడ పెట్టు" అన్నాడు.

మా పరిచయానికి కారణం నా అజ్ఞానమే. మూడు చేతులు మారిన ఒక కారును నాలుగో చేతిగా నేను కొన్నాను. అది నెలలోపే దగ్గడం మొదలుపెట్టింది. టోపీ విప్పి చూస్తే లోపలంతా జిడ్డు. పాత పంచె గుడ్డతో తుడిచి, ఊడదీసిన నాలుగు తీగలను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని శ్రద్ధగా వరుసలో పెట్టాను. తాళం తిప్పితే కారు పెద్దగా తుమ్మి, వెనక గొట్టంలోంచి తుపాకీ పేలినట్టు పేలి ఊరుకుంది. నలుగురు తోస్తే షెడ్డు చేరింది. పీరన్న తీగల వంక చూసి, తర్వాత నా వంక చూశాడు.

"ఈ తీగలు ఎవురు పెట్టినారు?"

"నేనే."

"ఏం పని చేస్తావు సార్?"

"తెలుగు పండితుణ్ణి."

"అదీ సంగతి. ఇది హాజరు పట్టీ కాదప్పా, ఒకటి రెండు మూడు అని పిల్సుకుంటా పోయేదానికి. ఒకటి, మూడు, నాలుగు, రెండు. నిప్పు పోయేది ఆ వరసలోనే."

నేనూ తగ్గలేదు. "పద్యంలోనూ అంతే. పదాలు వరుసలో ఉండవు, అన్వయం చేసుకోవాలి" అన్నాను.

"అంటే అన్వయం తెలిసి గూడా తప్పు పెట్టినావు. తెలీనోడు పెట్టింటే మన్నిస్తాంటి" అన్నాడు పీరన్న, తీగలు సరిచేస్తూ.

తుడిచాను కదా, జిడ్డు పోయింది కదా అని నేను లేవబోతే కూర్చోబెట్టాడు. "జిడ్డు పోయింది. యాడ నుంచి వచ్చిందో అది పోలేదు. నీ జోబులో సుద్దముక్క ఉండాదా?" ఉపాధ్యాయుడి జేబులో ఉండే ఏకైక సంపద అదే గనుక ఇచ్చాను. డిస్ట్రిబ్యూటరు ఇంజనుకు అతుక్కునే సందు చుట్టూ ఆ సుద్దతో తెల్లగా రాసి, ఒక రోజంతా బండి నడిపి రమ్మన్నాడు. మర్నాడు సుద్ద తెల్లగానే ఉంది. టోపీలో మాత్రం మళ్లీ చమురు చేరింది. "బయట రింగు బాగుండాది సార్. లోపల సీలే పోయినాది. బయట కారేది కంటికి కనపడతాది. లోపల కారేదాన్ని అడిగి తెలుసుకోవల్ల" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు వట్టి మెకానిక్కు మాటగానే వినిపించింది. ఆ రోజు మొదలు నేను ఉద్యోగ విరమణ చేసేవరకు ప్రభుత్వ సుద్దముక్కలు ఆ షెడ్డుకు అక్రమంగా రవాణా చేశాను. విచారణ జరిపేవారుంటే నేను సిద్ధం.

ఆయన పని చేస్తుంటే చూడడం ఒక విద్యాభ్యాసం. డిస్ట్రిబ్యూటరు విప్పే ముందు మేకు మొనతో గుర్తులు గీసుకునేవాడు. తిరిగి బిగించేటప్పుడు ఇరుసు సగం చుట్టు తేడా వస్తే నిప్పు వేళ తప్పి పుడుతుంది. అడుగున ఉన్న సన్నటి పిన్నును, నిద్రపోయే పసిబిడ్డను లేపుతున్నంత మెల్లగా కొట్టి తీసేవాడు. ఇరుసు బయటికి వచ్చాక అరిగిన సీలు లాగేవాడు. కొత్త సీలు ఈ చుట్టుపక్కల అంగళ్లలో దొరకదు. మొత్తం డిస్ట్రిబ్యూటరే కొనుక్కోమంటారు. ఆయన అరిగినదాన్ని చిటికెన వేలికి తొడుక్కుని నాగరాజు అంగడికి నడిచిపోయి, మోటార్ల సీళ్ల డబ్బాలో చెయ్యిపెట్టి అదే కొలతది వెదికేవాడు. "మీ బోర్లల్లో నీళ్లు లేవు కదప్పా. నీళ్లు ఆపే పని లేక ఇది ఖాళీగా ఉండాది, నా కాడ చమురు ఆపుతాది" అని నాగరాజును ఏడిపించేవాడు.

తెచ్చినదాన్ని వెంటనే వేసేవాడు కాడు. ఒక రోజంతా చమురు డబ్బాలో నాననిచ్చేవాడు. ఉబ్బితే, "ఇది తాగుబోతు రబ్బరు" అని పారేసేవాడు. ఉబ్బనిదే పనికొస్తుంది. సీలు అంటే నాకు తెలిసింది హెడ్మాస్టరు బల్ల మీదిది ఒక్కటే. అది వేస్తే కాగితం కదులుతుంది. పీరన్న వేస్తే చమురు ఆగుతుంది. రెండోదానికి విలువ ఎక్కువని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఒకసారి విడపనకల్లు నుంచి వచ్చిన ఒక మిరప వ్యాపారి విసుక్కున్నాడు. "పాతది పారేసి కొత్తది ఎయ్యప్పా. గోరంత రబ్బరు కోసరం రెండు దినాలు పోగొడతాండావు."

"మార్చేదానికి నేనెందుకు? అంగడోడు సాలు. నీ చొక్కాకు గుండీ ఊడితే మీ ఆడమనిషి కొత్త చొక్కా కొంటాదా?" అన్నాడు పీరన్న.

"కొంటాది" అన్నాడు వ్యాపారి.

"అయితే నీకు చెప్పి లాభం లేదు. కూచో, టీ తాగు."

ఇది ఆయన పంతం కాదు, ధర్మం. మార్చమన్న మాట వింటే తన చేతులకు అవమానం జరిగినట్టు ముఖం ముడుచుకునేవాడు. కాలం మాత్రం ఆయనను అడగకుండానే అన్నీ మార్చేసింది. కొత్త కార్లలో డిస్ట్రిబ్యూటరే లేదు. "నిప్పు ఇప్పుడు కంప్యూటరు పంచుతాది సార్. దానికి చమురు అంటదు, దానికి నేనూ అక్కర్లేదు" అన్నాడు ఒకనాడు. గడచిన రెండేళ్లలో ఆ షెడ్డుకు ఈ పని మీద వచ్చిన బండ్లు నాది కాక మరో నాలుగో అయిదో. నీ విద్య చెప్పు, నేను రాసిపెడతానంటే, "రాయి. ఎవురు సదవల్ల?" అన్నాడు. నేను రాయలేదు. చదివేవారు లేరన్నది సాకు. నా బద్ధకమన్నది నిజం.

పోయిన ఎండాకాలంలో ఆయనకు ఆయాసం మొదలైంది. షెడ్డు నుంచి నాగరాజు అంగడికి నడవడానికి రెండుసార్లు ఆగేవాడు. పాదాలు వాచాయి. బొటనవేలితో నొక్కి, పడిన గుంటను నాకు చూపించి, "సూడు సార్, తాగుబోతు రబ్బరు అయిపోయినా" అన్నాడు. భార్య ఖాసింబీ బలవంతాన బెంగళూరులోని ఒక ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ జరిగిన సంభాషణ ఆమె చెప్పగా విన్నదే.

గుండెలో వాల్వు లీకవుతోంది, మార్చాలి అన్నాడట డాక్టరు. పీరన్న లేచి సర్దుకు కూర్చుని, "బయట లీకా సార్, లోపల లీకా?" అని అడిగాడట. డాక్టరు ఆశ్చర్యపోయి, లోపలే, ముందుకు పోవలసిన రక్తం వెనక్కి వస్తోంది అన్నాడట. "లోపలైతే సీలు సాలు కదా. మొత్తం ఎందుకు మార్చేది?" డాక్టరు ఓర్పు గలవాడు. కొందరికి బాగుచేసి సరిపెట్టవచ్చు, మీది ఆ దశ దాటింది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అని విడమరిచి చెప్పాడట. తేదీ కూడా ఇచ్చాడు. పీరన్న అన్నిటికీ తల ఊపి, ఊరికి వచ్చి, షెడ్డు తెరిచి కూర్చున్నాడు. "ఆ డాక్టరు మార్చేవాడు. బాగుచేసేవాడు యాడో ఒగడు ఉంటాడు, వాడు దొరికినాక పోదాం" అన్నాడు భార్యతో.

తేదీ ఇంకా పది రోజులుందనగా ఖాసింబీ మా ఇంటికి వచ్చింది. "నా మాట ఇనడు, పిల్లోళ్ల మాట ఇనడు. నీ మాటంటే ఆయనకు గురి సార్. నువ్వొచ్చి గట్టిగా చెప్పు" అంది. మర్నాడు ఉదయం, చెప్పవలసిన మాటలన్నీ మనసులో పేర్చుకుని షెడ్డుకు పోయాను. ఉపోద్ఘాతం, హేతువులు, ఉపసంహారం అన్నీ ఉన్నాయి. పీరన్న బెంచీ మీద కూర్చుని ఒక పాత డిస్ట్రిబ్యూటరు టోపీని ఊరికే తుడుస్తున్నాడు.

"మనసు మార్చుకో పీరన్నా" అని మొదలుపెట్టాను.

ఆయన తల ఎత్తాడు. "వాల్వు మార్చుకో అంటాడు డాక్టరు. మనసు మార్చుకో అంటావు నువ్వు. లోపల నాదంటూ ఏమన్నా మిగిలిస్తారా లేదా?"

నాకు నవ్వొచ్చింది. అంతటి చమత్కారం ఎదురైతే జవాబు చెప్పకుండా ఉండలేని రోగం నాది. "అయితే మార్చు అనే ధాతువే వదిలేద్దాంలే" అన్నాను. వ్యాకరణంలో క్రియకు మూలమైన మాటను ధాతువంటారని ఆయనకు వివరించాను కూడా. ఆయన ఆయాసపడేంతగా నవ్వాడు. టీ తెప్పించాడు. తాగాం. పేర్చుకుపోయిన మాటల్లో ఒక్కటి కూడా ఆ తర్వాత బయటికి రాలేదు. రేపు చెప్పవచ్చనుకున్నాను. ఆ రేపు వచ్చాక వేరుశనగ ధరల మాటలు నడిచాయి. ఆ మర్నాడు నేను పోలేదు. డాక్టరు ఇచ్చిన తేదీ అలాగే దాటిపోయింది.

పాతకాలపు వైద్యుల భాషలో ధాతువంటే నాడి. నాకు ఇది తెలుసు. ఎన్నోసార్లు తరగతిలో నానార్థాలు చెప్పేటప్పుడు చెప్పాను. ఆ ఉదయం మాత్రం ఒక్క అర్థమే గుర్తుకొచ్చింది. ఏడు వారాల తర్వాత, ఆ బుధవారం పొద్దున షెడ్డు తాళం తీస్తూ పీరన్న గడప దగ్గరే కూలిపోయాడట. నాగరాజు పరుగెత్తి వచ్చి మణికట్టు పట్టుకునేసరికి నాడి అందలేదు.

ఆయన వంటి పనివాడు మళ్లీ పుడతాడని రాయడం ఇలాంటి వ్యాసాల్లో ఆనవాయితీ. పుట్టడు. పుట్టినా అతడు బాగుచేయవలసిన వస్తువు లోకంలో ఉండదు. ఆ రేకుల షెడ్డును దాని యజమాని ఈ నెలాఖరుకు ఖాళీ చేసి ఇమ్మంటున్నాడని విన్నాను. ఆ చేతులకు తెలిసినది ఏ పుస్తకంలోనూ లేదు. రాయగలిగినవాణ్ణి నేనే, రాయలేదని పైన చెప్పుకున్నాను.

మూడో రోజు వాళ్లింట్లో జరిగే ప్రార్థనలకు, జియారత్‌కు, పోయాను. ఖాసింబీ నాకు కుర్చీ వేయించి, ఎదురుగా గడప మీద కూర్చుంది. నన్ను ఓదార్చాలనే ఆమె మాట్లాడింది. ఆ సంగతి ఆమె కళ్లలో స్పష్టంగా కనిపించింది.

"నువ్వు వచ్చిపోయిన పొద్దు ఆయన శానా సంతోషంగా ఉన్నాడు సార్. అన్నం గూడా బాగా తిన్యాడు. 'సార్ గూడా ఒప్పుకున్నాడు, మార్చేది వద్దన్యాడు' అని చెప్పినాడు. అంత సదువుకున్నోడివి నువ్వే వద్దంటివని, ఇంగ నేను గూడా మల్లా అడగలేదు."

ఆమెకు నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఇంట్లో జనం ఉన్నారు. ఎవరో టీ గ్లాసు అందించారు. పుచ్చుకున్నాను.

పీరన్నా, నేను ఒప్పుకోలేదు. నీ ముందర గట్టిగా చెప్పవలసిన ఆ మాట, నలుగురూ చదివే ఈ కాగితం మీద ఇప్పుడు చెబుతున్నాను. నేను ఒప్పుకోలేదు.